రోజువారీ ఖర్చులకు డెబిట్ కార్డా, నగదా? విజయవాడ, గుంటూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్ర: రెండింట్లో ఏది మంచిది?

ఖర్చును బట్టి ఉంటుంది. డబ్బు చేతులు మారే ముందు ఒక్కటి ఆలోచించుకోండి: రేపు తేడా వస్తే ఈ డబ్బు వెనక్కి అడగాల్సి వస్తుందా? వస్తుందనిపిస్తే కార్డు, రాదనుకుంటే నగదు. పటమట రైతుబజారులో కొన్న పావుకిలో పచ్చిమిర్చికి ఎవరూ రసీదు దాచుకోరు. అదే గవర్నరుపేటలో కొన్న మిక్సీకో, సూర్యారావుపేట ఆసుపత్రిలో కట్టిన అడ్వాన్సుకో రుజువు కావాలి. కార్డుతో కడితే తేదీ, మొత్తం, కొట్టు పేరు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటాయి. నగదుకు ఆ కొట్టువాళ్లు ఇచ్చే కాగితం తప్ప వేరే సాక్ష్యం ఉండదు. అందుకే పెద్ద మొత్తం నగదుగా కట్టేటప్పుడు "బిల్లు తర్వాత పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి.

ఇంకో సూత్రం కూడా ఉంది, మొదటిదానికన్నా ముఖ్యం: జీతమో, పంట డబ్బో పడే ఖాతా కార్డు జేబులో ఉండకూడదు. దాని గురించి కింద వివరంగా చెప్పాం.

ప్ర: ఇప్పుడంతా ఫోన్‌పే, గూగుల్‌పేలే కదా. కార్డుతో పనేముంది?

టీ కొట్టు దగ్గర పని లేదు, నిజమే. కానీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు, సిగ్నల్ లేనప్పుడు, ఫోనే పోయినప్పుడు డబ్బు తీసుకోవడానికి చేతిలో మిగిలేది కార్డే. యూపీఐ పిన్ మళ్లీ పెట్టుకోవాలన్నా కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతుంది. ఆధార్ ఓటీపీతో పెట్టుకునే దారి ఉంది కానీ, దానికి ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఒకే ఫోన్ నంబరు ఉండాలి.

ఇంకో తేడా చాలామంది గమనించరు. చిన్న కొట్లలో అంటించిన స్కానరు కొన్నిసార్లు యజమాని సొంత ఖాతాది. అప్పుడు మీరు కట్టింది వ్యాపారికి కాదు, ఒక మనిషికి పంపినట్టు లెక్క. వస్తువు రాకపోతే ఆ డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రాబట్టడం చాలా కష్టం. కార్డు మెషీన్ వ్యాపార ఖాతా మీదే ఇస్తారు. అందువల్ల సరుకు అందలేదనో, రెండుసార్లు కట్ అయిందనో మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టడానికి ఒక పద్ధతి ఉంటుంది.

చిల్లర ఖర్చులన్నీ యూపీఐతోనే చేసేవాళ్లు యూపీఐ లైట్ (యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది) పెట్టుకోండి. ₹1,000 వరకు పిన్ లేకుండా వెళుతుంది, అందులో ఒకేసారి ₹5,000 దాకా ఉంచుకోవచ్చు. పది రూపాయల టీలన్నీ పాస్‌బుక్‌లో వరసగా పడకుండా, అందులో వేసుకున్న మొత్తం ఒక్కటే పడుతుంది. స్టేట్‌మెంటు చదవడానికి వీలుగా ఉంటే తేడాలు త్వరగా కనపడతాయి.

ప్ర: నగదు లేకుండా కుదరని చోట్లు ఏవి?

చాలావరకు సిటీ బస్సు, షేర్ ఆటో, గుడి హుండీ, పొద్దున్నే కూరగాయల బండి. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద, గుంటూరు పట్నం బజారులో చాలాచోట్ల స్కానరు ఉన్నా, బేరం తెగాక నోటు చూపిస్తే పని తొందరగా అవుతుంది.

నగదుతో అసలు తలనొప్పి చిల్లరే. ఏటీఎం ఐదు వందల నోట్లిస్తుంది, బస్సులో కండక్టరు టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. దిగేటప్పుడు హడావిడిలో ఆ బాకీ మర్చిపోతాం. వారానికి రెండు వేలు చేతి ఖర్చనుకుంటే ఇలా ఉంచుకోవడం మేలు: వంద నోట్లు 10, యాభైలు 10, ఇరవైలు 15, పదులు 20. సరిగ్గా ₹2,000. ఇవన్నీ బ్యాంకు కౌంటర్లో అడిగితే ఇస్తారు. నెల మొదటి వారం, మధ్యాహ్నం రద్దీ తప్పించి వెళ్లండి.

ఏటీఎంలోనూ ఒక కిటుకుంది. ₹2,000 కొట్టకుండా ₹1,900 కొట్టండి. మెషీన్లో చిన్న నోట్లుంటే మూడు ఐదు వందలు, మిగతా నాలుగు వందలు వందలుగానో రెండు వందలుగానో వస్తాయి. లేకపోతే ఐదు వందల గుణిజాలే కొట్టమని తెర మీద చెబుతుంది. ప్రతి నూరు ఏటీఎంలలో కనీసం 90 చోట్ల వంద లేదా రెండు వందల నోట్ల పెట్టె ఒకటి ఉండాలని, అది 2026 మార్చి 31కల్లా జరగాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు చెప్పింది.

ప్ర: ఏటీఎంలో నెలకు ఎన్నిసార్లు ఉచితంగా తీయొచ్చు?

మామూలు పొదుపు ఖాతాకు సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు. వేరే బ్యాంకు ఏటీఎంలో మెట్రో నగరాల్లో 3, మిగతా ఊళ్లలో 5. విజయవాడ, గుంటూరు మెట్రోల లెక్కలోకి రావు కాబట్టి మీకు 5. హైదరాబాదు వెళితే అక్కడ 3 మాత్రమే, ఆ తేడాతోనే చాలామందికి ఛార్జీ పడుతుంది.

నిల్వ చూసుకోవడం, మినీ స్టేట్‌మెంటు తీయడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అవి ఫోన్లో చూసుకోండి. ఉచితం దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి గరిష్ఠంగా ₹23, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే ₹27.14. ఐదు వందలు తీయడానికి ఇది అయిదు శాతం పైనే. ఖాతాలో సరిపడా డబ్బు లేకుండా కొట్టి లావాదేవీ విఫలమైనా చాలా బ్యాంకులు విడిగా ఛార్జీ వేస్తాయి.

కాబట్టి వారానికి ఒకసారి, సొంత బ్యాంకు ఏటీఎంలో, వారం మొత్తానికి సరిపడా తీయండి. నెలకు నాలుగైదు సార్లే అవుతుంది, ఉచితంలోనే సరిపోతుంది. స్టేట్ బ్యాంకు ఏటీఎంలో ఆ బ్యాంకు కార్డుతో ₹10,000 లేదా అంతకన్నా ఎక్కువ తీస్తే ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వెళితే ఉత్త చేతులతో తిరిగి రావాలి.

ప్ర: ఏటీఎంలో ఖాతా నుంచి డబ్బు కట్ అయింది, నోట్లు రాలేదు. ఏం చేయాలి?

ముందు అక్కడే రెండు నిమిషాలు ఆగండి. కొన్నిసార్లు నోట్లు ఆలస్యంగా బయటికొస్తాయి. మీరు బయటికి నడిచాక వస్తే వెనకున్నవాళ్ల చేతికి పోతాయి. నోట్లు వచ్చే చోట ఏదైనా పట్టీ అంటించి ఉందేమో వేలితో తడిమి చూడండి. నోట్లు లోపలే ఇరుక్కునేలా దొంగలు అలా అంటిస్తారు. అలాంటిది కనపడితే చోటు వదలకుండా అక్కడి నుంచే బ్యాంకుకు, పోలీసులకు (112) ఫోన్ చేయండి. సాయం చేస్తానని వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, పిన్ మళ్లీ కొట్టకండి.

అలాంటిదేమీ లేకపోతే స్లిప్పు తీసుకోండి. స్లిప్పు రాకపోతే మెషీన్ మీద రాసి ఉన్న ఏటీఎం నంబరు, సమయం, తెర మీది సందేశం ఫోటో తీసుకోండి.

ఫిర్యాదు మీ కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఇవ్వాలి. ఏటీఎం వేరే బ్యాంకుదైనా సరే, అక్కడికి వెళ్లి వాదించడం వల్ల రోజు వృథా. ఏటీఎం లోపల ప్రతి లావాదేవీ ఒక చిట్టాలో నమోదవుతుంది. పెట్టెలో మిగిలిన నోట్లను తర్వాత దాంతో సరిచూస్తారు. మీ మొత్తం అక్కడ ఎక్కువగా తేలితే డబ్బు వెనక్కి వేస్తారు.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతటదే ఖాతాలో పడాలి. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ ₹100 చొప్పున పరిహారం, మీరు అడగకపోయినా ఇవ్వాలి. ఆచరణలో అడగాల్సి వస్తుంది. కాబట్టి ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. సందేహాలకు 14448.

ప్ర: కొట్టులో కార్డు గీకితే డబ్బు కట్ అయింది, మెషీన్ మాత్రం 'డిక్లైన్' అంది. మళ్లీ గీకమంటున్నారు.

కట్ అయినట్టు మెసేజ్ వచ్చి ఉంటే గీకకండి. డిక్లైన్ స్లిప్పు అడిగి తీసుకోండి, ఈసారికి నగదో యూపీఐయో ఇవ్వండి. కట్ అయిన డబ్బు ఇక్కడ కూడా 5 రోజుల్లోపు వెనక్కి రావాలి, దాటితే రోజుకు ₹100. ఆ స్లిప్పు లేకపోతే, డబ్బు కొట్టుకు చేరలేదని చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ప్ర: "కార్డయితే రెండు శాతం అదనం" అంటున్నారు. కట్టాలా?

డెబిట్ కార్డుకు కట్టనక్కర్లేదు. వ్యాపారి బ్యాంకుకిచ్చే ఛార్జీని కొనేవాళ్ల మీద వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పైగా ఆ ఛార్జీ రెండు శాతం కానే కాదు. రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి సున్నా. వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ కార్డులకు ఏడాది వ్యాపారం ₹20 లక్షల లోపు ఉన్నవాళ్లకు గరిష్ఠంగా 0.40 శాతం, ఆ పైనున్నవాళ్లకు 0.90 శాతం. అంటే వెయ్యి రూపాయల బిల్లుకు పెద్ద కొట్టుకు పడేది మహా అయితే 9 రూపాయలు. రెండు శాతం మాట క్రెడిట్ కార్డుల నుంచి వచ్చింది. చాలామంది కొట్టువాళ్లు అన్ని కార్డులూ ఒకటే అనుకుంటారు, వాళ్ల దగ్గర కోపగించుకోవాల్సిన పని లేదు. "ఇది డెబిట్ అండి, రూపే" అని కార్డు చూపించి చెబితే ఎక్కువసార్లు సరిపోతుంది.

చిన్న వ్యాపారి వైపు కూడా చూడాలి. మెషీన్ అద్దె నెలనెలా కట్టాలి, డబ్బు సాధారణంగా మర్నాడు గానీ ఖాతాలో పడదు. వన్‌టౌన్‌లో పొద్దున సరుకు దింపుకుని సాయంత్రానికి డబ్బు కట్టాల్సిన మనిషికి నగదే కావాలనిపించడంలో తప్పు లేదు. నూట యాభై రూపాయల సరుక్కి కార్డు తీయకపోవడం మర్యాద.

ప్ర: ఖర్చులకు వేరే ఖాతా ఎందుకు?

డెబిట్ కార్డుతో పోయేది మీ సొంత డబ్బు, అదీ అప్పటికప్పుడు. తప్పు జరిగిందని తేలేదాకా బయట ఉండేది మీ డబ్బే. ఖాతాలో మూడు లక్షలుంటే మూడు లక్షలకూ ముప్పు. పన్నెండు వేలే ఉంటే ముప్పు అంతవరకే.

చేయాల్సింది ఇది. కనీస నిల్వ అక్కర్లేని రెండో పొదుపు ఖాతా ఒకటి తెరిచి, రూపే కార్డు తీసుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంటి ఖర్చు మొత్తం జీతం ఖాతా నుంచి దానికి మళ్లేలా ఆటోమేటిక్ సూచన పెట్టండి. యూపీఐ కూడా ఈ రెండో ఖాతాకే కలపండి. జీతం ఖాతా కార్డు బీరువాలో ఉంచండి. కార్డుకు ఏడాదికోసారి నిర్వహణ ఛార్జీ పడుతుంది, తీసుకునే ముందే అడిగి తెలుసుకోండి. ప్రాథమిక (బేసిక్) పొదుపు ఖాతాకు, అంటే జన్‌ధన్ లాంటి ఖాతాకు, ఇచ్చే కార్డుకైతే ఛార్జీ ఉండదు.

ఇంకో లాభముంది. ఇరవయ్యో తారీఖుకే ఆ ఖాతాలో డబ్బు అయిపోతే, ఖర్చు ఎక్కడ దారి తప్పిందో స్టేట్‌మెంటు చూస్తే తెలిసిపోతుంది. నగదు చేతి నుంచి పోతుంటే నొప్పి తెలుస్తుందని, అందుకే పొదుపవుతుందని పెద్దవాళ్లంటారు. అది నిజమే కానీ, నగదు ఎటు పోయిందో నెలాఖరున గుర్తుండదు. పరిమితి పెట్టిన ఖాతాతో రెండూ కుదురుతాయి.

ప్ర: కొత్త కార్డు రాగానే ఏ సెట్టింగులు మార్చాలి?

2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలు, కొట్లలోని మెషీన్లలో మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. ఆన్‌లైన్, తాకిస్తే కట్ అయ్యే వైఫై గుర్తు సదుపాయం, విదేశీ లావాదేవీలు మీరు తెరిస్తేనే తెరుచుకుంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళితే ఒక్కోదానికి విడిగా మీట, పరిమితి ఉంటాయి.

విదేశీ లావాదేవీలు ఎప్పుడూ మూసి ఉంచండి. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడక్కుండానే డబ్బు తీసుకోగలవు. ఆన్‌లైన్ మీట కొనేటప్పుడు తెరిచి, అయిపోగానే మూయండి. తాకించి కట్టే సదుపాయం ₹5,000 వరకు పిన్ అడగదు. అందుకే బస్టాండులో, దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలో జేబు దొంగతనాలకు భయపడేవాళ్లు దాన్ని మూసేయడమే మంచిది. కావాలంటే పరిమితి వెయ్యికి తగ్గించుకోండి. ఏటీఎం రోజువారీ పరిమితి మీరు మామూలుగా తీసేదానికి రెండింతలకు మించి ఉంచకండి.

ప్ర: కార్డు పోయింది, లేదా నేను చేయని లావాదేవీ మెసేజ్ వచ్చింది.

గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి. కుదరకపోతే బ్యాంకు నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే ఫోన్లోనూ, ఇంట్లో ఒక కాగితం మీదా రాసి పెట్టుకోండి. గూగుల్‌లో వెతికితే దొంగలు పెట్టిన నంబర్లే ముందు కనపడొచ్చు. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఆగి ఉంటే దాన్ని నిలిపేయగలిగేది ఆ మొదటి గంటల్లోనే.

ఎవరు భరించాలన్నది 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం చెబుతుంది. తప్పు బ్యాంకుదైతే మీకు బాధ్యత లేదు. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందంటే, బ్యాంకు నుంచి మీకు మెసేజ్ అందిన 3 పని దినాల్లో చెబితే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పని దినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా ₹10,000, ప్రాథమిక ఖాతాకు ₹5,000 వరకు మీరు భరించాలి. 7 దాటితే బ్యాంకు సొంత విధానం ప్రకారం. మీరు చెప్పిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాకు జమ చేసి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు మీదేనని నిరూపించే భారం బ్యాంకుదే.

పిన్ గానీ ఓటీపీ గానీ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నష్టం. చేసిన తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే సిగ్గుపడి ఇంట్లో దాచుకోవద్దు. మోసపోయామని ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు ఆగినవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ప్ర: ఇంట్లో ఎంత నగదు ఉంచుకోవాలి?

వారం ఖర్చు కాకుండా, ముట్టుకోకుండా కనీసం మూడు నుంచి ఐదు రోజులకు సరిపడా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని చోట ఫోన్ ఛార్జింగ్ ఉండదు, ఏటీఎం తిరగదు, కార్డు మెషీన్ మాట్లాడదు. నీళ్ల క్యాను, పాల ప్యాకెట్టు, మందుల షీటు నోటుకే వస్తాయి. నలుగురున్న ఇంటికి నాలుగైదు వేలు, అందులో సగం వంద అంతకన్నా చిన్న నోట్లు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, కింది అరలో కాకుండా అటక మీద ఉంచండి. పాస్‌బుక్, ఆధార్ జిరాక్సు కూడా అందులోనే. దీనికన్నా ఎక్కువ ఉంచినా లాభం లేదు. దొంగ ఎత్తుకెళ్లిన నగదుకు ఏ ఫిర్యాదు నంబరూ పనిచేయదు.

ప్ర: పెళ్లి బంగారం, ఫంక్షన్ హాలు నగదుతో కట్టొచ్చా?

ఒకే మనిషి నుంచి ఒకే రోజులో గానీ, ఒకే కొనుగోలుకు గానీ, ఒకే శుభకార్యానికి సంబంధించి గానీ ₹2 లక్షలు లేదా అంతకన్నా ఎక్కువ నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. రెండు మూడు విడతలుగా ఇచ్చినా లెక్క ఒకటే. జరిమానా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది, ఎంత తీసుకుంటే అంత. వ్యాపారులు ఒకరికి ఒక రోజులో ₹10,000 పైన నగదుగా ఇస్తే దాన్ని ఖర్చుగా చూపించుకోలేరు. రవాణాదారులకు ఇచ్చేదాంట్లో ఆ హద్దు ₹35,000. ఆటోనగర్ వాళ్లకు ఇది రోజూ తగిలే నిబంధన.

ప్ర: అమ్మానాన్నలకు కార్డు ఇవ్వాలా, నగదా?

వాళ్లకు ఏది సులువైతే అది. కానీ కార్డు పిన్ ఎవరికో చెప్పి డబ్బు తీయించుకునే పరిస్థితి ఉంటే, కార్డు వద్దు. వారానికోసారి మీరే నగదు తెచ్చివ్వండి. జన్‌ధన్ ఖాతా రూపే కార్డుకు ప్రమాద బీమా ఉంది: 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు ₹2 లక్షలు, అంతకుముందువాటికి ₹1 లక్ష. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డుతో ఒక లావాదేవీ అయినా జరిగి ఉండాలి. కాబట్టి రెండు నెలలకోసారైనా దాంతో ఏటీఎంలో వంద రూపాయలైనా తీయించండి.

ప్ర: చిరిగిన నోట్లు, పది రూపాయల బిళ్లలు ఎవరూ తీసుకోవడం లేదు.

పది రూపాయల బిళ్లలు అప్పటికి 14 రకాలున్నాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా ఒకటే. 14440కి ఫోన్ చేస్తే కట్ అయి, తిరిగి వచ్చే కాల్‌లో రికార్డు చేసిన సమాచారం వినిపిస్తుంది. కొట్టువాళ్లకు స్పీకరులో పెట్టి వినిపించండి. అయినా తీసుకోకపోతే బ్యాంకులో ఖాతాకు జమ చేసేయండి.

మాసిన, చిరిగిన నోట్లు ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు, ఖాతా అక్కడే ఉండాల్సిన పని లేదు. మాసిన నోట్లు రోజుకు 20 వరకు, మొత్తం విలువ ₹5,000 మించకుండా ఉంటే ఉచితం. ముక్కలైనవాటికి లెక్క వేరు. ₹20 వరకు నోటులో సగానికి పైగా ఒకే ముక్కగా ఉంటే పూర్తి విలువ. ₹50, ఆ పైవాటికి 80 శాతం పైగా ఉంటే పూర్తి, 40 నుంచి 80 మధ్య అయితే సగం. వరదలో తడిసి అతుక్కున్న కట్టను గట్టిగా లాగకండి. నీడలో ఆరనిచ్చి, విడివడినంత మేరకే విడదీసి, మిగతాది అలాగే బ్యాంకుకు తీసుకెళ్లండి.